సృష్టికి నియమం చెప్పిన కొండలు

భూమి ఎలా ఏర్పడింది, మనిషిని ఎవరు చేశారు, విత్తనంలో మొలకెత్తే శక్తి ఎక్కడి నుంచి వచ్చింది అనే ప్రశ్నలకు ప్రతి జాతీ తనదైన సమాధానం చెప్పుకున్నది. పురాణాలు చెప్పే సమాధానం మనకు తెలుసు. పాలకడలి, నాభికమలం, చతుర్ముఖ బ్రహ్మ మన ఇళ్ళలో గోడపటాలుగా కూడా కనిపిస్తారు. అయితే కొరాపుట్, రాయగడ జిల్లాలలో మన పక్కనే జీవిస్తున్న కొందులు, సవరలు, గదబలు చెప్పుకొనే సృష్టి కథలు మనలో చాలామంది విని ఉండరు. సంతలో వారి దగ్గర పసుపు, అల్లం, చింతపండు కొంటాము. వారి దైవం ఈ లోకాన్ని ఎలా చేసిందని మాత్రం అడగము.

అడిగి తెలుసుకోవడానికి బలమైన కారణమే ఉన్నది. 2013లో ఈ కథలలోని ఒక దైవం పేరు సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కింది. ఆ దైవాన్ని నమ్మిన గ్రామాల మాట విన్న తరువాతనే ఒక కొండ భవితవ్యం తేలింది. సృష్టి కథ ఒక ఊరికి ఏ విధంగా అండగా నిలుస్తుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ప్రాంతం గురించి రెండు మాటలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో, జయపురం సంస్థానం కింద ఉండేది. 1992 అక్టోబరు 2న అవిభక్త కొరాపుట్ జిల్లాను కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి అనే నాలుగు జిల్లాలుగా విభజించారు. కొండలకు ఈ గీతలు తెలియవు. సరిహద్దుకు ఇటు సాలూరు, పార్వతీపురం, సీతంపేట వైపు ఉన్న కొండదొరలు, జాతాపులు, సవరలకు, అటువైపు వారికి బంధుత్వాలూ పండుగలూ కలిసే ఉన్నాయి. కొందులు మాట్లాడే కువి, కుయి భాషలు మన తెలుగుకు దగ్గరి చుట్టాలు. సవర భాష ముండా కుటుంబానికి చెందినది.

ఐదు పిడికిళ్ళ మట్టి

కొందుల సృష్టి కథను మొదట విపులంగా కాగితం మీద పెట్టినవారిలో మాక్‌ఫెర్సన్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఒకరు. 1840 ప్రాంతంలో గంజాం కొండలలో, అనగా నేటి రాయగడకు ఈశాన్యంగా ఉన్న కొందు సీమలో, ఆయన విన్న కథ ఇది.

ఆదిలో బూరా పెను అనే వెలుగు దేవుడు ఉన్నాడు. 'పెను' అంటే వారి భాషలో దైవం. బూరా తనకు తోడుగా తారి పెనును సృష్టించాడు. ఆమె భూదేవత. తరువాత ఇద్దరి మధ్య పొరపొచ్చాలు వచ్చాయి. తనను కొలిచే మనుషులను చేయాలని బూరా సంకల్పించి, పిడికెడు మట్టి తీసుకొని వెనుకకు విసిరాడు. అది నేలను తాకక ముందే తారి అందుకొని పక్కకు విసిరింది. దాని నుంచి చెట్లూ చేమలూ పుట్టాయి. రెండవ పిడికిలినీ ఆమె పట్టి నీటిలోకి విసిరింది. చేపలు పుట్టాయి. మూడవ దాని నుంచి జంతువులు, నాలుగవ దాని నుంచి పక్షులు పుట్టాయి. అప్పటికి బూరా సంగతి గ్రహించి, ఆమె తలపై చేయి వేసి ఆపి ఐదవ పిడికిలి విసిరాడు. దాని నుంచి మానవజాతి కలిగింది.

ఈ కథలో గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. చెట్టు, చేప, జంతువు, పక్షి, మనిషి అన్నీ ఒకే మట్టి. మనిషి చివరి పిడికిలి మాత్రమే. అతనికి ముందు పుట్టిన నలుగురూ అతనికి అన్నలూ అక్కలూ అవుతారు. అంతేకాక సృష్టించే శక్తి ఒక్కరి చేతిలో లేదు. మట్టిని తీసినవాడు బూరా అయితే, దానిని అడవిగా, నీటి జీవాలుగా మార్చినది తారి చెయ్యి.

కథ అంతటితో ముగియదు. కోపించిన తారి, దున్నిన చేనిలో విత్తనం చల్లినట్లుగా, మనుషులలో చెడును చల్లిందని, రోగమూ మరణమూ అప్పుడు వచ్చాయని చెప్పుకున్నారు. ఆ పోరులో బూరా గెలిచాడని ఒక వర్గం, తారి ఓడిపోలేదని మరొక వర్గం నమ్మేవారని కూడా మాక్‌ఫెర్సన్ రాశాడు. తారిని నమ్మినవారి కథలో నేల మొదట మెత్తని బురద. స్త్రీ రూపంలో వచ్చిన తారి కూరగాయలు తరుగుతుండగా వేలు తెగింది. రక్తపు చుక్క పడినచోట బురద గట్టిపడి సాగుకు పనికివచ్చే నేల అయింది.

ఈ నమ్మకానికి ఒక భయంకరమైన ఆచారం తోడైంది. భూమి పంట ఇవ్వాలంటే మనిషి రక్తం కావాలని నమ్మి నరబలి ఇచ్చేవారు. దానినే మెరియా అన్నారు. దానిని అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1845లో ప్రత్యేకంగా మెరియా ఏజెన్సీని నెలకొల్పింది. మాక్‌ఫెర్సన్ ఆ పని మీద నియమితుడైన అధికారి. కనుక ఆయన రాతలను పాలకుని దృష్టి కలిసిన రాతలుగానే చదవాలి. నరబలి స్థానంలో దున్నపోతు బలి వచ్చింది. దేవత మాత్రం మారలేదు. నైవేద్యం మారినా విశ్వాసం నిలవగలదని ఈ చరిత్ర చూపుతున్నది. సంప్రదాయమంటే మార్పు ఎరుగని రాయి అనుకొనేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

ఆనపబుర్రలో మిగిలిన బీజం

రెండవ కథ కొరాపుట్ కొండలలో అనేక జాతులకు ఉమ్మడి కథ. వెరియర్ ఎల్విన్ 1954లో ప్రచురించిన ఒరిస్సా గిరిజన పురాగాథల సంపుటిలో దీనికి అనేక రూపాలు ఉన్నాయి.

ఒకప్పుడు లోకమంతా నీట మునిగిపోయింది. ఒక అన్న, ఒక చెల్లెలు మాత్రం పెద్ద ఆనపబుర్రలో దాగి తేలుతూ బ్రతికారు. నీరు తగ్గాక చూస్తే భూమి మీద మరొక మనిషి లేడు. మానవజాతి తిరిగి పెరగాలంటే వారిద్దరే దిక్కు. కాని తోబుట్టువులకు పెళ్ళి ఎలా? అప్పుడు దైవం వారికి మశూచి వచ్చేలా చేసింది. ముఖాలు మచ్చలతో మారిపోయి ఒకరినొకరు గుర్తించలేకపోయారు. ఆ తరువాత వారు భార్యాభర్తలయ్యారు. వారి సంతానమే నేటి జాతులు, తెగలు.

ఈ కథలో ఆనపబుర్ర ఎందుకు వచ్చిందో మన ప్రాంతపు వారికి వేరుగా చెప్పనక్కరలేదు. పొలానికి చోడి అంబలి తీసుకువెళ్ళేది ఆ బుర్రలోనే. మరుసటి ఏడాదికి విత్తనాలు దాచేందుకూ ఎండిన బుర్రలు వాడతారు. ఆకలి తీర్చేది, విత్తనం కాపాడేది ఏదో, మనిషి బీజాన్ని కాపాడినదీ అదేనని కథ చెబుతున్నది. మశూచి సంగతి కూడా అంతే. ఆ రోగాన్ని మన తెలుగు పల్లెలలో 'అమ్మవారు' అనే పిలిచారు. చంపే శక్తీ పుట్టించే శక్తీ ఒకే తల్లివి అనే భావన కొండ మీదా, మైదానంలోనూ ఒకే విధంగా ఉన్నది.

మన గ్రామదేవతల కొలువులలో చెప్పుకొనే ఆదిశక్తి కథను ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. ఏమీ లేని కాలంలో ఆదిశక్తి పుట్టి, పక్షి రూపం దాల్చి గుడ్లు పెట్టిందని, వాటి నుంచి త్రిమూర్తులు పుట్టారని ఆ కథ అనేక రూపాలలో చెబుతారు. పురాణాలలో బ్రహ్మ సృష్టికర్త. పల్లె కథలో బ్రహ్మను కన్నది కూడా ఒక తల్లే. కుట్టియా కొందుల కథలలో నేల నుంచి వెలువడిన నిరంతలి అనే ఆదిమాత కనిపిస్తుంది. ఎవరి కథ ఎవరి నుంచి వచ్చిందో తేల్చే పని ఈ వ్యాసానిది కాదు. ఇరుగుపొరుగు జాతులు సృష్టిశక్తిని తల్లిగానే తలచాయన్నది స్పష్టం.

అక్షరంలో దైవం

రాయగడ జిల్లా గుణుపురం ప్రాంతపు సవరలకు సృష్టికర్త కిట్టుంగ్. ఇంటి గోడ మీద వారు వేసే ఇడితాల్ చిత్రాలు అలంకారం కోసం వేసినవి కావు. అవి దైవాలకూ పితృదేవతలకూ కట్టిన ఇళ్ళు. కలలో దైవం చెప్పిన ప్రకారం చిత్రం వేసి, పూజ చేసి, వారిని అందులోకి ఆహ్వానిస్తారు.

సృష్టిశక్తి గురించి సవరల ఆలోచన 1936లో కొత్త మలుపు తీసుకున్నది. ఆ ఏడాది మంగయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే లిపిని వెలువరించాడు. అది తనకు దైవదర్శనంలో లభించిందని చెప్పాడు. అందులో 24 అక్షరాలు ఉన్నాయి. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క దైవం పేరు. అక్షరాన్నే బ్రహ్మంగా పూజించే సంప్రదాయం దాని చుట్టూ ఏర్పడింది. దానికి కొన్నేళ్ళ ముందే, 1931లో, మన గిడుగు రామమూర్తి పంతులుగారి సవర భాషా వ్యాకరణ గ్రంథం వెలువడింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకొని, తెలుగు లిపిలో ఆ భాషకు వాచకాలు రాసిన మహనీయుడాయన. ఒకరు బయటి నుంచి ఆ భాషకు గౌరవం తెచ్చారు, మరొకరు లోపలి నుంచి దానికి దైవత్వం కల్పించారు. భాష నిలిస్తేనే కథ నిలుస్తుందని ఇద్దరూ ఎరుగుదురు.

ధరణి పెను, నియమ్ రాజా

ఇక నియమగిరి. రాయగడ, కలహండి జిల్లాల మధ్య విస్తరించిన ఈ కొండల వరుసలో డొంగ్రియా కొందులు నివసిస్తారు. రాయగడ వైపు బిషమ్‌కటక్, మునిగుడ, కల్యాణసింగ్‌పూర్ బ్లాకులలో వారి ఊళ్ళు ఉన్నాయి. ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహంగా ప్రభుత్వం వారిని గుర్తించింది.

వారి నమ్మకంలో రెండు దైవాలు ప్రధానం. మొదటిది ధరణి పెను, భూమాత. ఊరి నడుమ రాళ్ళ రూపంలో ఆమె కొలువై ఉంటుంది. రెండవది నియమ్ రాజా. కొండ శిఖరం ఆయన నివాసం. కొండ మీది పండ్లు, నీళ్ళు, పైరు ఆయన ఇచ్చినవి. తాము ఆయన సంతతి అని డొంగ్రియాలు చెప్పుకొంటారు. పూజాదికాలు జాని అనే పూజారి నిర్వహిస్తాడు. దైవంతో మాట్లాడే స్త్రీని బెజుణి అంటారు.

ఆయన పేరును ఒకసారి పరిశీలించండి. రాజా అనే మాటకు ముందున్నది 'నియమం'. లోకాన్ని ఇచ్చినవాడే దానిని ఎలా వాడుకోవాలో కట్టడి చేశాడు. శిఖరం మీది చెట్లు నరకరాదన్నది అటువంటి కట్టడి. పండుగలో దైవానికి సమర్పించక ముందు కొత్త పంట తినరాదన్న ఆచారం ఈ సీమ అంతటా ఉన్నది. మన మన్యంలోని మామిడి కొత్త, కంది కొత్త, కొర్ర కొత్త పండుగలు, కొరాపుట్‌లోని చైత్ర పర్వం ఈ కోవలోనివే. మామిడికాయలో టెంక ముదరక ముందే కోయకుండా, విత్తనాన్ని తినేయకుండా ఈ కట్టడి కాపాడుతుంది. జయపురం ప్రాంతం వరి వైవిధ్యానికి ప్రసిద్ధి. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. విత్తనాన్ని దైవంగా చూసిన ఇళ్ళు లేకుంటే ఆ వైవిధ్యం ఇంతకాలం మిగిలేది కాదు.

శిఖరం మీది కట్టడికి మరొక ఫలం కూడా ఉన్నది. ఈ కొండల పైభాగంలో బాక్సైట్ పొర ఉంటుంది. ఆ పొర, దాని మీది అడవి కలిసి వాననీటిని ఇంకించుకొని వేసవిలోనూ ఊటలుగా వదులుతాయి. వంశధార పుట్టినది ఈ నియమగిరి ప్రాంతంలోనే. గుణుపురం మీదుగా శ్రీకాకుళం జిల్లాలో ప్రవేశించి కళింగపట్నం వద్ద సముద్రంలో కలిసే ఆ నది, గొట్టా బ్యారేజి కింద మన పొలాలను తడుపుతున్నది. నియమ్ రాజా కట్టడి వల్ల లాభం పొందినవారిలో ఆయన పేరు వినని తెలుగు రైతు కూడా ఉన్నాడన్నమాట.

న్యాయస్థానం ముందు సృష్టికర్త

నియమగిరి శిఖరం మీద సుమారు 7 కోట్ల టన్నుల బాక్సైట్ ఉన్నదని అంచనా. కొండ పాదంలోని లాంజిగఢ్‌లో వేదాంత సంస్థ అల్యూమినా శుద్ధి కర్మాగారం నెలకొల్పింది. శిఖరం తవ్వి దానికి ఖనిజం అందించాలన్నది ఆలోచన. సక్సేనా కమిటీ నివేదిక అందిన తరువాత 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతిని నిరాకరించింది. ఒరిస్సా మైనింగ్ కార్పొరేషన్ సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

2013 ఏప్రిల్ 18న తీర్పు వచ్చింది. గిరిజనుల మతపరమైన హక్కులు కూడా అటవీ హక్కుల చట్టం, 2006 రక్షణలోకి వస్తాయని, నియమ్ రాజాను ఆ కొండపై కొలుచుకొనే హక్కు తవ్వకం వలన దెబ్బతింటుందేమో గ్రామసభలే పరిశీలించి చెప్పాలని న్యాయస్థానం ఆదేశించింది. దేవుడు ఉన్నాడా లేడా అని న్యాయమూర్తులు విచారించలేదు. నమ్మేవారు ఎవరు, ఆ నమ్మకానికి ఆ చోటుతో ఉన్న సంబంధం ఏమిటి అన్నదే వారి ప్రశ్న.

రాష్ట్ర ప్రభుత్వం 12 గ్రామాలను ఎంపిక చేసింది. రాయగడలో 7, కలహండిలో 5. వందకు పైగా ఊళ్ళు ఉండగా పన్నెండింటినే పిలవడం మీద విమర్శలు వచ్చాయి. 2013 జూలై 18న సెర్కపాడిలో మొదటి సభ, ఆగస్టు 19న జరపాలో చివరి సభ జరిగాయి. జిల్లా న్యాయమూర్తి సమక్షంలో స్త్రీలూ పురుషులూ లేచి తమ దైవం గురించి, ఊటల గురించి, పంటల గురించి తమ మాటలలో చెప్పారు. 12 సభలూ తవ్వకం వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. సభలు మళ్ళీ జరపాలని వేసిన దరఖాస్తును 2016లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

ఆ సభలలో పనిచేసినది కథ. ఊరి పెద్దలకు అది నోటికి వచ్చి ఉండకపోతే, శిఖరం పేరు, పూజ జరిగే చోటు, కట్టడి అందరూ ఒకే మాటగా చెప్పగలిగి ఉండకపోతే, కాగితం మీది చట్టం ఒక్కటే కొండను కాపాడేది కాదు.

ఆస్ట్రేలియాలో ఇటువంటి మరొక ఉదాహరణ ఉన్నది. ఎడారి నడుమ ఉన్న ఉలురు అనే మహాశిల అనంగు ప్రజలకు పవిత్రం. లోకం రూపుదిద్దుకొన్న ఆదికాలాన్ని, నడవవలసిన ధర్మాన్ని వారు 'జుకుర్‌పా' అనే ఒకే మాటతో పిలుస్తారు. సృష్టికీ నియమానికీ ఒకే పేరు. 1985లో ఆ భూమి హక్కు వారికి తిరిగి దక్కింది. 2019 అక్టోబరు 26 నుంచి ఆ శిల ఎక్కడం నిషిద్ధమైంది. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు జాతులు, లోకం పుట్టుకనూ హద్దునూ విడదీయకుండా తలచాయి.

ఇప్పుడు మన ముందున్న పని

నియమగిరి నిలిచినంత మాత్రాన సమస్య తీరలేదు. రాయగడ జిల్లా కాశీపూర్ వైపు సిజిమాలి కొండను తిజ్ రాజా నెలవుగా కొలుస్తారు. 2023లో ఆ కొండ తవ్వకపు హక్కు వేలంలో ఒక సంస్థకు దక్కడంతో అక్కడా వివాదం చెలరేగింది. మన వైపు విశాఖ మన్యంలో బాక్సైట్ కోసం 2015లో ఇచ్చిన జీవో 97ను ప్రజల వ్యతిరేకత తరువాత 2019లో రద్దు చేశారు. ఉద్యోగాలు, రోడ్లు, ఆసుపత్రులు కావాలనే కోరిక కొండ మీది యువకులలోనూ ఉన్నది. అది న్యాయమైన కోరికే. ఏది ఇచ్చి ఏది తీసుకోవాలో నిర్ణయించుకొనే అధికారం ఆ ఊరిదే కావాలి. ఆ నిర్ణయానికి తన ఊరి కథ తెలిసి ఉండడం అవసరం.

కథ తెలియకుండా పోయే ప్రమాదం తవ్వకాల కంటే నెమ్మదిగా, నిశ్శబ్దంగా వస్తున్నది. పిల్లలు ఐదారేళ్ళకే హాస్టళ్ళకు వెళుతున్నారు. సరిహద్దుకు అటు ఒడియా, ఇటు తెలుగు బడిభాషలు. ఇంటి భాషలో కథ చెప్పే రాత్రులు తగ్గిపోయాయి. కొన్ని ఊళ్ళలో మతం మారింది. మతం ఎవరి ఇష్టం వారిది. పూజ మానినవారికి కూడా తాతల కథ వారసత్వంగా చెందుతుంది.

చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. గ్రామసభకు ఊరి సంస్కృతినీ ఆచారాలనూ కాపాడే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం ఇచ్చింది. తమ సాంస్కృతిక, ప్రకృతి వారసత్వాన్ని దెబ్బతీసే పనులను అడ్డుకొనే అధికారం అటవీ హక్కుల చట్టంలోని 5వ సెక్షన్ ఇస్తున్నది. పూజాస్థలాలు, ఊటలు, పవిత్ర వనాల పేర్లను గ్రామసభ తీర్మానంలో రాయించి పెట్టుకోవచ్చు. వివాదం వచ్చిన తరువాత రాసిన పేరు కంటే ముందే రాసి ఉన్న పేరుకు విలువ ఎక్కువ.

ఇళ్ళలో చేయవలసినది ఇంకా సులభం. సెలవులకు పిల్లలు వచ్చినప్పుడు తాతయ్యల, అమ్మమ్మల చేత ఈ కథలు చెప్పించండి. సెల్‌ఫోనులో ఆ గొంతును భద్రపరచండి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ పండుగనాడు చెబుతారు అన్నది పిల్లల చేతనే నోటుబుక్కులో రాయించండి. తెలుగు కుటుంబాలవారు పక్క ఊరి సవర, కొందు పెద్దలను అడిగి వినండి. వారి కథలో మీ పొలానికి వచ్చే నీటి పుట్టుక కూడా ఉండవచ్చు.